పలక మీద మొదలుపెట్టి కథ దాకా: పిల్లలకు చదవడం ఎలా నేర్పాలి

ఇంట్లో ఒకటి నుంచి నాలుగో తరగతి లోపు పిల్లలు ఉండి, రోజూ బడికి వెళ్తున్నా పుస్తకం చేతికిస్తే తడబడుతున్నారని మీకు అనిపిస్తే, రోజుకు అరగంట వీలు చేసుకోగలిగిన వారెవరైనా ఈ పద్ధతిని పాటించవచ్చు. మీరు ఉపాధ్యాయులు కానక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఊరి అరుగుల మీద సాయంత్రం పూట పిల్లలను కూర్చోబెట్టుకుని చేసిన పనిలోంచి నేను దీన్ని రాస్తున్నాను. పలక, బలపం, పాత కేలండరు కాగితాలు, కత్తిరించి చీటీలుగా చేసుకోవడానికి ఎప్పటివో నాలుగు పెళ్ళి శుభలేఖలు ఉంటే సామగ్రి సరిపోయినట్టే.

మొదట ఒక వాదం సంగతి తేల్చుకోవాలి. మీరు ఏ వైపు మొగ్గుతారనే దాన్ని బట్టి రేపు పలక మీద ఏం రాయాలన్నది మారిపోతుంది. ఓనమాలతో మొదలుపెట్టి, గుణింతాలు వల్లె వేయించి, వత్తులు దిద్దించి, ఆ తరువాతనే పదాలకు వెళ్ళాలన్నది పాత పద్ధతి. బొమ్మ పక్కన పదాన్ని మొత్తంగా చూపించి, అర్థంతో మొదలుపెడితే అక్షరాలు వాటంతట అవే పట్టుబడతాయన్నది దాని తరువాత వచ్చిన వాదం. ఇంగ్లీషు దేశాల్లో ఇదే తగవు దశాబ్దాల పాటు నడిచింది. అమెరికాలో 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటి పరిశోధనలను పరిశీలించి, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధాన్ని ఒక క్రమంలో నేర్పితే పిల్లలు మెరుగ్గా చదువుతారని చెప్పింది. ఇంగ్లండులో 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకు నలభై మాటలతో ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు. వాటిలో ఇరవై మాటలకు అర్థమే ఉండదు, ఎందుకంటే అర్థం లేని మాటను బట్టీ పట్టడం గానీ ఊహించడం గానీ సాధ్యం కాదు.

ఆ తగవును మనం ఉన్నదున్నట్టుగా ఎత్తి తెచ్చుకోకూడదు. ఇంగ్లీషులో ఇరవై ఆరు అక్షరాలే నలభైకి పైగా ధ్వనులను మోస్తాయి కనుక అక్కడి చిక్కంతా అక్షరం ఒకటి, పలుకు ఒకటి కావడంలో ఉంది. తెలుగులో రాసిందే పలుకుతాం. మన చిక్కు ఆకారాల సంఖ్యలో ఉంది. ముప్పై ఆరు హల్లులను పన్నెండు అచ్చుల గుర్తులతో కలిపితేనే నాలుగు వందల పైచిలుకు ఆకారాలు వస్తాయి, వత్తులు వాటికి అదనం. కన్నడ పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే, మన లిపికి తోబుట్టువైన ఆ లిపి పూర్తిగా వశం కావడానికి పిల్లలకు కొన్నేళ్లు పడుతుందని తెలుస్తుంది. కాబట్టి ధ్వనిని క్రమంగా నేర్పి తీరాలి, అయితే ఆ క్రమానికి మాటలు పిల్లల నోటి నుంచి తీసుకోవాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఈ ఒక్క నమ్మకం మీద కట్టినవే.

మొదటి మెట్టు: ఎక్కడ ఉన్నారో కనుక్కోవడం

ఆమదాలవలస వైపు ఒక ఊళ్లో మూడో తరగతి పూర్తయిన ఒక కుర్రాడు వాచకంలో పాఠాన్ని నా ముందు గడగడా చదివేశాడు. పక్కన కూర్చున్న వాళ్ల మామ్మ మురిసిపోయింది. నేను మాత్రం అతని వేలి వైపు చూస్తున్నాను. నోరు మూడో పంక్తిలో ఉంటే, వేలు ఇంకా రెండో పంక్తి మొదట్లోనే ఉంది. బొమ్మ మీద అరచేయి కప్పి, పాఠం మధ్యలో ‘నదిలో’ అన్న మాట చూపించి ఇదేమిటని అడిగాను. అతను వెంటనే జవాబు చెప్పలేదు. పెదవులు కదులుతున్నాయి. పాఠాన్ని మొదటి వాక్యం నుంచి లోలోపల అప్పజెప్పుకుంటూ ఆ మాట దాకా నడిచి వచ్చి, అప్పుడు ‘నదిలో’ అన్నాడు. ఆ పిల్లవాడి జ్ఞాపకశక్తి అపారమైనది. అంతటి శక్తి ఉన్న పిల్లవాడు మూడేళ్లు బడికి వెళ్లి కూడా ఒక్క మాటనైనా చదవలేదన్న బాధ నన్ను చాలా రోజులు వదలలేదు.

అందుకని పరీక్షించేటప్పుడు బడి పుస్తకం వాడకండి. ఒక కాగితం మీద పది అక్షరాలను వరస మార్చి రాయండి. రెండో కాగితం మీద వత్తులు లేని పది చిన్న మాటలు, మూడో దాని మీద నాలుగు వాక్యాలు, నాలుగో దాని మీద పది పన్నెండు వాక్యాల చిన్న కథ రాయండి. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో పల్లెల పిల్లల చదువును చూసేది దాదాపు ఇలాగే. అక్కడ పిల్లలు తమకు నచ్చిన ఐదు అక్షరాలు చదివి, కనీసం నాలుగు సరిగా చెబితే ఆ మెట్టు దాటినట్టు లెక్క. దీనికి నేను అర్థం లేని ఐదు మాటలు చేరుస్తాను: డలప, గనత, రజవ, తజల, లగజ. ఇవి ఉత్తుత్తి మాటలని ముందే చెప్పి ఆటలా అడగండి. వీటిని చదివిన పిల్లలకు అక్షరం నిజంగా వచ్చినట్టే. పిల్లలు ఏ కాగితం దగ్గర ఆగిపోతే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. నాలుగో తరగతిలో ఉన్నారు కదా అని నాలుగో తరగతి పుస్తకంతో మొదలుపెడితే ఆ కష్టమంతా వృథా అవుతుంది. తేదీ వేసి ఆ కాగితాలు దాచండి.

రెండో మెట్టు: మాటలు పోగుచేయడం

రెండు మూడు రోజులు పలక ముట్టుకోకుండా పిల్లలతో మాట్లాడండి. నిన్న ఏం తిన్నావు, చెరువు దగ్గర ఏం చూశావు, పండక్కి ఎవరొచ్చారు అని అడిగి, వారు చెప్పిన వాటిలోంచి ముప్పై నలభై మాటలు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. పలాస వైపు పిల్లలైతే జీడితోటల మాటలు, భావనపాడు, కళింగపట్నం వైపు వారైతే వలా పడవా, విజయనగరం పిల్లలైతే సిరిమానోత్సవం సంగతులు వాటంతట అవే వస్తాయి. తరువాత చప్పట్ల ఆట ఆడించండి. ‘పడవ’కు మూడు చప్పట్లు, ‘వల’కు రెండు, ‘కొబ్బరి’కి మూడు. తెలుగు పిల్లలకు మాటను ఇలా అక్షరాలుగా విడగొట్టడం చాలా త్వరగా వస్తుంది. ‘వ’తో మొదలయ్యే మాటలు చెప్పమని, ‘ల’తో ముగిసేవి వెతకమని అడగండి. ఈ ఆట అక్షరాలు దిద్దడం కన్నా ముందే జరగాలి.

మూడో మెట్టు: అక్షరాలు, కానీ ఓనమాల వరసలో కాదు

అ నుంచి ఱ దాకా వరసగా దిద్దిస్తే ఋ, ౠ, ఙ, ఞ లాంటి, పిల్లలకు ఏళ్ల తరబడి ఎదురుపడని అక్షరాల మీద వారాలు గడిచిపోతాయి. అందుకు బదులుగా, వెంటనే మాటలు పుట్టించగల ఐదారు అక్షరాలను ఒక గుంపుగా తీసుకోండి. నేను మొదట ల, వ, త, డ, జ, అ తీసుకుంటాను. వాటితో వల, అల, తల, లత, జడ, జత, వడ వస్తాయి. రెండో గుంపుగా క, ర, ప, ద, న, గ తీసుకుంటే పలక, పడవ, కడవ, గడప, నడక, వరద వస్తాయి. నాగావళి పొంగడం చూసిన పిల్లలకు ‘వరద’ అన్న మాటను ఎవరూ వివరించనక్కరలేదు.

వ, ప ఒకే గుంపులో లేకపోవడం మీరు గమనించే ఉంటారు. తలకట్టు కింద పైభాగం మూసుకుని ఉంటే వ, తెరుచుకుని ఉంటే ప, అంతే తేడా. ఇలా పోలికలున్న జంటలను ఒకే వారంలో నేర్పకూడదు. ద, ధ; న, స; మ, య; ఉ, డ ఇలాంటివే. మొదటిది బాగా కుదురుకున్నాక రెండోదాన్ని తెచ్చి, అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లల వేలితోనే చూపించమనాలి.

శుభలేఖ అట్టలు కత్తిరించి ఒక్కో చీటీ మీద ఒక్కో అక్షరం రాసుకోండి. మాట మీరు చెప్పండి, చీటీలు పేర్చే పని పిల్లలకు వదిలేయండి. తరువాత మీరు పేర్చండి, పిల్లలు చదవాలి. ప్రతి కొత్త అక్షరం నేర్చిన రోజే దానితో కనీసం రెండు మాటలు చదివి తీరాలి. రెండో గుంపు పూర్తి కాగానే సున్నను తీసుకురండి. పాత వరసలో సున్న చివర్లో ఎక్కడో ఉంటుంది గానీ, తెలుగులో అది లేని వాక్యం అరుదు. గంప, వంద, వంక, దండ చదవగలగడంతో పిల్లల ముఖంలో వచ్చే వెలుగు చూస్తే ఇంత ముందుగా ఎందుకు తెచ్చామో మీకే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: గుణింతాన్ని నిలువుగా నేర్పడం

చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే కనుక దీనికి ఎక్కువ కాలం, రెండు మూడు నెలలు, కేటాయించండి. ‘క కా కి కీ’ అని పాటలా వల్లించే పిల్లలకు ‘కో’ చూపించి అడిగితే, క దగ్గర మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కో దాకా వస్తారు. పాఠం అప్పజెప్పిన ఆ కుర్రాడు చేసింది కూడా ఇదే. గుణింతపు పట్టికను అడ్డంగా చదవడం వల్ల వరస గుర్తుంటుంది, గుర్తు మాత్రం గుర్తుండదు.

పట్టికను నిలువుగా తిప్పండి. ఒక వారమంతా దీర్ఘం ఒక్కటే: కా, తా, పా, లా, నా, రా. ఏ అక్షరం మీద పడినా ఆ గుర్తు అదే పని చేస్తుందని పిల్లలకు తెలియాలి. దానికి జంట మాటలు వాడండి. జడ పక్కన జాడ, కడ పక్కన కాడ రాసి, ఒక్క గుర్తుతో మాట ఎలా మారిపోయిందో చూపించండి. తరువాత గుడి: బడి, తడి, వడి. గుడిదీర్ఘానికి పిక, పీక జంట బాగుంటుంది. పిల్లలు కాలి పిక పట్టుకుని ఒకసారి, గొంతు పట్టుకుని ఒకసారి చెబుతారు, ఇక మరచిపోరు. కొమ్ముకు, కొమ్ముదీర్ఘానికి పుట, పూట. ఆ తరువాత ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం. ఐత్వం, ఔత్వం తొందరలేదు. ‘మ’కూ ‘వు’కూ మధ్య తికమక పడని పిల్లలు నాకు ఇంతవరకు దొరకలేదు కాబట్టి, కొమ్ము నేర్పేటప్పుడు వాటికి ఒక రోజు ప్రత్యేకంగా ఉంచండి. మొ, యొ లలో ఒత్వం వేరుగా కనిపిస్తుంది, అవి ఎదురైనప్పుడు చెబితే చాలు.

నోటి మాటా, చదువులో తప్పూ

మన ప్రాంతంలో పిల్లలకు నేర్పేవారు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఇది. పుస్తకంలో ‘చెరువు’ అని ఉంటే మన పిల్లలు ‘సెరువు’ అంటారు, ‘వీధి’ని ‘ఈది’ అంటారు, ‘నీళ్ళు’ను ‘నీల్లు’ అంటారు. వినగానే తప్పు తప్పు అని ఆపేస్తాం. కాస్త ఆలోచించండి. చ, ె, రు, వు అన్నీ కళ్లతో చూసి, కలిపి, తన ఇంటి మాటగా పలికిన పిల్లవాడు ఆ మాటను సరిగ్గా చదివాడు. అదే పేజీలో చెట్టు బొమ్మ ఉంది కదా అని ‘చెరువు’ను ‘చెట్టు’ అని స్పష్టంగా పలికిన పిల్లవాడు అసలు చదవలేదు, ఊహించాడు. మనం మొదటివాణ్ణి దండించి రెండోవాణ్ణి మెచ్చుకుంటున్నాం. ఊహించిన పిల్లవాడికి బొమ్మ మూసి, అక్షరాల మీద వేలు పెట్టించి మళ్లీ చదివించాలి. ‘సెరువు’ అన్న పిల్లవాడిని ముందుకు సాగనివ్వాలి.

రాయడంలో మాత్రం పిల్లలు స రాస్తారు కనుక, ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తాం అని తరువాత మెల్లగా చెప్పాలి. చ నేర్పడానికి మంచం, కంచం, పచ్చడి వాడండి. మన నోళ్లలో కూడా మంచం మంచమే కాబట్టి ఆ ధ్వని పిల్లలకు పరాయిది కాదు.

ఈ సంగతి మనకు కొత్త కాకూడదు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, పిల్లల నోట ఉన్న తెలుగు ఒకటీ, పుస్తకంలోని తెలుగు మరొకటీ అయితే చదువు సాగదని జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వారి మాటల్లోనే వాచకాలు తయారుచేశారు. మెళియాపుట్టి, పాతపట్నం కొండవారల్లో సవర ఇంటిభాషగా ఉన్న పిల్లలకు మీరు నేర్పుతుంటే, రెండో మెట్టులో పోగుచేసే మాటలు సవర మాటలే కావాలి. వాటిని తెలుగు లిపిలో రాసి చదివించి, ఆ లిపి వశమయ్యాక తెలుగు మాటల్లోకి రండి.

ఐదో మెట్టు: వత్తులు

బ్బ, డ్డ, గ్గ, చ్చ, ద్ద లాంటి వాటిలో తలకట్టు లేకుండా అదే అక్షరం కింద కూర్చుంటుంది కాబట్టి వాటితో మొదలుపెట్టండి: కొబ్బరి, లడ్డు, బొగ్గు, పచ్చడి, ముద్ద. త, న, మ, య, ర, ల వత్తుల్లో ఆకారం పూర్తిగా మారిపోతుంది. వాటికి ఆసరాగా అమ్మ, అన్నం, అత్త, చెల్లి, అయ్య లాంటి, పిల్లలు ఎప్పుడో చూసి గుర్తుపట్టే మాటలు వాడుకోండి. ఆ తరువాత వేర్వేరు అక్షరాలు కలిసినవి. ‘పుస్తకం’ను ‘పుసతకం’ అని చదివితే, పైనున్న స సగమే పలుకుతుందనీ, దాని స్వరం కిందికి దిగి వత్తుకు చేరిందనీ చెప్పి, ‘పుస్’ దగ్గర ఒక చప్పట్టు, ‘త’ దగ్గర ఒక చప్పట్టు కొట్టించండి.

ఆరో మెట్టు: పిల్లలు చెప్పిందే పాఠం

గుణింతం సగానికి వచ్చేసరికే ఇది మొదలుపెట్టవచ్చు. పిల్లలు చెప్పిన రెండు మూడు వాక్యాలను కేలండరు వెనక పెద్ద అక్షరాలతో, వారు అన్నట్టే రాయండి. ‘మా నాయిన సేపలకి ఎల్లినాడు’ అని చెబితే అలాగే రాయండి. తన మాట కాగితం మీద కనిపించి, మళ్లీ తన నోటికే తిరిగి రావడం చూసిన పిల్లలకు, చదవడమంటే ఏమిటో మనం చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. మరునాడు దాని కిందనే ‘మా నాన్న చేపలకు వెళ్ళాడు’ అని రాసి, రెండింటినీ చదివించండి. ఇలాంటివి ఇరవై కాగితాలు అయ్యేసరికి దారం గుచ్చి పుస్తకంగా కట్టి ఇవ్వండి. నేను చూసిన వాటిలో పిల్లలు మళ్లీ మళ్లీ తీసి చదివిన పుస్తకాలు ఇవే.

అరగంటను ఇలా వాడుకోవచ్చు: ఐదు నిమిషాలు కబుర్లు, పది నిమిషాలు కొత్త గుర్తు, పది నిమిషాలు చదవడం, చివరి ఐదు నిమిషాలు మీరే ఒక కథ చదివి వినిపించడం. చివరిది మానేయకండి. పిల్లలు తాము చదవగలిగిన దాని కన్నా చాలా పెద్ద కథను విని అర్థం చేసుకోగలరు, ఆ భాషే తరువాత చదువుకు ఊతమవుతుంది. కథ అయ్యాక ‘నువ్వైతే ఏం చేసేవాడివి’ అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

బడి ఇంగ్లీషు మీడియం అయినా పని ఇదే. 2020-21లో మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే పాఠ్యపుస్తకాలు మొదలయ్యాయి. మీ పిల్లల పుస్తకం అలాంటిదైతే, ముందు తెలుగు పేజీ చదివించి, ఆ తరువాత ఎదుటి పేజీకి వెళ్ళండి. ఇంగ్లీషులో ‘సీ ఏ టీ’ అని అక్షరాల పేర్లు వల్లింపజేయడం కన్నా ‘క్, యా, ట్’ అని ధ్వనులు చెప్పి కలిపించడం మేలు.

ఎంత వేగం, ఎప్పుడు అనుమానించాలి

2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ అంకెలను గడియారం పట్టుకుని పిల్లల మీద రుద్దకండి. ‘వచ్చేస్తున్నారు’ అన్నది తెలుగులో ఒక్క మాట, ఇంగ్లీషులో అది మూడు మాటలు. తడుముకోకుండా, అర్థం చెడకుండా చదువుతున్నారా అన్నదే చూడండి.

రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా కూర్చున్నా మొదటి గుంపు అక్షరాలే నిలవకపోతే ముందు కంటి చూపు, వినికిడి పరీక్ష చేయించండి. బల్ల మీది పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా లాక్కునే పిల్లలు, పిలిస్తే రెండోసారికి గానీ పలకని పిల్లలు మన మధ్య చాలామందే ఉన్నారు. అవి బాగానే ఉండి, మిగతా విషయాల్లో చురుకుగా ఉండి, చదవడం ఒక్కటే పట్టుబడకపోతే అది అభ్యసన వైకల్యం కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. జిల్లా ఆసుపత్రిలో దాని గురించి అడగండి. బద్ధకమని కొట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ఎనిమిది వారాలు గడిచాక మొదటి రోజు దాచిన ఆ నాలుగు కాగితాలు బయటికి తీసి, బొమ్మలేవీ లేకుండా, పిల్లల ముందు మళ్లీ పెట్టండి. ఉత్తుత్తి మాటలు మాత్రం ఈసారి కొత్తవి రాయండి. చదువుతున్నప్పుడు మీరు పెదవులను కాక వేలిని చూడండి.